ఏ బొమ్మకి ఏ లెక్క

మా నాన్నగారి తరంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చినవాళ్లు కొలిమి దగ్గరో, రోలింగ్ మిల్లులోనో పనికి కుదిరారు. నేను వాళ్లకంటే నీడపట్టున బతికాను. నా ఉద్యోగం డ్రాయింగ్ ఆఫీసులో. టీ-స్క్వేరు, సెట్ స్క్వేర్లు, అమ్మోనియా ప్రింట్ల ఘాటుతో మొదలై ఆటోక్యాడ్‌తో ముగిసింది. రిటైరయ్యాక ఇదే ఊళ్లో, కదమా పేటలో ఉన్న మా ఇంటికి చుట్టుపక్కల పిల్లలు ల్యాప్‌టాపులు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. క్రియేటివ్ కోడింగ్ అంటారు వాళ్లు. అంటే చేత్తో గీయకుండా కంప్యూటరుకి సూత్రం చెప్పి బొమ్మ వేయించడం. 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై అమెరికాలో తయారుచేసిన ప్రాసెసింగ్, అదే బాటలో బ్రౌజరు కోసం లారెన్ మెకార్తీ మొదలుపెట్టిన పీ5 జేఎస్, వీళ్ల పనిముట్లు.

వాళ్లు తెచ్చే ప్రశ్న దాదాపు ఒక్కటే. "తాతగారూ, దీన్ని ఎక్స్, వైలతో గీయాలా, తాబేలుతోనా, లేకపోతే షేడర్‌లోనా?" తాబేలు అంటే ముందుకి, పక్కకి అన్న ఆజ్ఞలతో నడుస్తూ తెర మీద గీత గీసేది; షేడర్ అంటే తెర మీది ప్రతి బిందువుకీ విడిగా రంగు తేల్చే ప్రోగ్రాము. డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడి నేర్చుకున్నవాటిలో ఆ ప్రశ్నకి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. వరస పెట్టి రాస్తున్నాను.

1. బొమ్మను చూసి పద్ధతి ఎంచుకోకండి. ఆ బొమ్మకి రేపు ఏ మార్పు అడుగుతారో చూసి ఎంచుకోండి.

ఒక వృత్తం తీసుకోండి. కేంద్రం, వ్యాసార్థం చెప్పి గీయొచ్చు. ఒక అడుగు ముందుకి, ఒక డిగ్రీ పక్కకి అని 360 సార్లు తాబేలుని నడిపించి గీయొచ్చు. బిందువులు లాగి వంచే బెజియర్ వక్రాలు నాలుగు అతికించి గీయొచ్చు. "కేంద్రం నుంచి ఇంత దూరంలోపు ఉన్న ప్రతి బిందువుకీ రంగు వెయ్యి" అని షేడర్‌కి చెప్పొచ్చు. చిన్న చిన్న గీతలు కలిపి గుండ్రంగా ఉన్నట్టు నమ్మించొచ్చు. 500 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తాన్ని 0.1 మిల్లీమీటరు తేడా మించకుండా గీయడానికి సుమారు 160 గీతలు చాలు.

తెర మీద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మార్పు అడిగినప్పుడే ఏది ఏదో బయటపడుతుంది. ఒకచోట చొట్ట పెట్టమన్నారనుకోండి, బెజియర్‌లో ఒక బిందువు లాగితే అయిపోతుంది. పక్క వృత్తంతో రెండు నీటిబొట్లలా కలిసిపోవాలంటే షేడర్ పద్ధతికి ఒక్క వరుస చాలు, మిగతావాటికి రాత్రంతా పని. చుట్టలా విప్పుకుంటూ పోవాలంటే తాబేలు అడుగు కొంచెం కొంచెం పెంచితే సరి. బోల్టు రంధ్రం వెయ్యమంటే కేంద్రం తెలిసి ఉండాలి. 160 గీతలు దాచుకున్నవాడు ఆ కేంద్రాన్ని మళ్లీ వెతుక్కోవాలి.

కాబట్టి పిల్లల్ని నేను మొదట అడిగేది: "దీంతో చివరికి ఏం చేస్తావు?" తెర మీద కదలాలా, కాగితం మీద ప్లాటర్ గీయాలా, ఇనుప రేకు మీద కోయాలా, బట్ట మీద నేయాలా? ఆ జవాబుతో సగం నిర్ణయం అయిపోతుంది.

2. కొలత ఎక్కణ్ణుంచి కొలుస్తున్నారో ముందు తేల్చుకోండి.

డ్రాయింగుల్లో కొలతలు రాసే తీరు రెండు రకాలు. మొదటి రంధ్రం నుంచి రెండోది, రెండో దాన్నుంచి మూడోది, అలా గొలుసుగా రాస్తే చెయిన్ డైమెన్షనింగ్. అన్నిటినీ ఒకే అంచు నుంచి కొలిస్తే డేటమ్. గొలుసు కొలతల్లో ఒక్కో రంధ్రం దగ్గర అర మిల్లీమీటరు తేడా అనుమతిస్తే, పదో రంధ్రం దగ్గరికి ఐదు మిల్లీమీటర్ల దాకా పేరుకోవచ్చు. మధ్యలో ఒక కొలత మారిస్తే దాని తర్వాతవన్నీ కదులుతాయి. డేటమ్ పద్ధతిలో ఒకటి మారిస్తే ఆ ఒక్కటే కదులుతుంది.

తాబేలు జ్యామితి గొలుసు లాంటిది, ఎక్స్-వై నిరూపకాలు డేటమ్ లాంటివి. ఇందులో ఏది గొప్ప అన్న వాదన అనవసరం. చెట్టు గీస్తున్నప్పుడు మొదట్లో కొమ్మ వంగితే దాని మీద ఉన్న రెమ్మలన్నీ కదిలి తీరాలి, అక్కడ గొలుసే సరైనది. వంతెన గడ్డర్‌లో ఒక రివెట్ పక్కకి జరిగితే మిగతావి కదలకూడదు, అక్కడ డేటమ్. ఒకటి కదిలితే ఏవేవి వెంట కదలాలి, ఏవేవి కదలకూడదు? ఈ పట్టికను కోడు తెరవకముందే కాగితం మీద రాసుకోమంటాను. ఎవరూ రాసుకోరనుకోండి.

3. వై పైకా, కిందికా?

బడిలో వై అక్షం పైకి పెరుగుతుంది. పీ5లో కిందికి పెరుగుతుంది. అందుకని పుస్తకంలో ఎడమకి తిరిగిన సూత్రం తెర మీద కుడికి తిరుగుతుంది. కోణాలు కూడా అడక్కపోతే డిగ్రీల్లో ఉండవు, రేడియన్లలో ఉంటాయి. మెషిన్ డ్రాయింగుల్లోనూ ఇలాంటి చిక్కే: ఏ పక్క నుంచి చూసిన బొమ్మని ఎటు వేయాలన్న పద్ధతి మన దేశంలో ఫస్ట్ యాంగిల్, అమెరికాలో థర్డ్ యాంగిల్. ఏ డ్రాయింగు చేతికొచ్చినా ముందు మూలనున్న గుర్తు చూసేవాళ్లం. కోడులోనూ మొదటి వరుసలో మీ గుర్తు రాసుకోండి.

4. నేర్చుకునేవాళ్లకి తాబేలుని మించిన గురువు లేదు.

1967లో సేమర్ పాపర్ట్, ఆయన సహచరులు పిల్లల కోసం లోగో భాష తయారుచేశారు. ఆ తర్వాత అందులోకి తాబేలు వచ్చింది. ముందుకి, కుడికి, పెన్ను ఎత్తు, పెన్ను దించు, ఇంతే. ఏ మూసిన బొమ్మ చుట్టూ నడిచి మొదలుపెట్టిన చోటికి, మొదలుపెట్టిన ముఖంతో వచ్చినా మొత్తం తిరిగింది 360 డిగ్రీలో, దాని గుణిజమో అయి తీరాలి. ఐదు కోణాల నక్షత్రానికి ఒక్కో మలుపు 144, ఐదు మలుపులకి 720. రెండు చుట్లన్నమాట. దీన్ని నల్లబల్ల మీద నిరూపించడం కంటే పిల్లవాణ్ణి గదిలో నడిపించి చూపించడం తేలిక.

ఏడు రేకుల పువ్వు దగ్గర మాత్రం గమనించండి. 360ని 7తో భాగిస్తే 51.428571 అని ఆగకుండా పోతుంది. పిల్లలు 51 వేసి ఊరుకుంటారు. ఏడు మలుపులకి 357 వస్తుంది, మూడు డిగ్రీల సందు మిగిలి పువ్వు మూసుకోదు. భాగహారం మీరు చేయకుండా కంప్యూటరుకి "360/7" అనే వదిలేయండి.

5. కేంద్రం చుట్టూ తిరిగే బొమ్మకి ధ్రువ నిరూపకాలు.

మన ఇళ్ల ముందు వేసే హృదయ కమలం ముగ్గు తెలుసు కదా. మధ్య నుంచి ఎనిమిది దిక్కులకి, ఒక్కో దిక్కున ఐదు చుక్కలు. మొత్తం నలభై. మొదటి దిక్కున 1వ చుక్క దగ్గర మొదలుపెట్టి, పక్క దిక్కున 3వ చుక్కకి, ఆ పక్కన 5వ చుక్కకి, తర్వాత 2, తర్వాత 4, మళ్లీ 1. అలా తిప్పుకుంటూ పోతే చెయ్యి ఎత్తకుండా నలభై చుక్కలూ పూర్తయి మొదటికే వస్తుంది. కలిపే గీత కొంచెం వంపు తిరగాలి, అప్పుడే రేకులు రేకుల్లా కనిపిస్తాయి.

దీన్ని ఒక అమ్మాయి ఎక్స్-వైలతో రాసుకొచ్చింది. నలభై జతల దశాంశాలు, అందులో 0.7071లు బోలెడు. చక్కగా పనిచేస్తోంది కూడా. "తొమ్మిది దిక్కులు చెయ్యమ్మా" అన్నాను. నలభై జతల్లో మొదటి దిక్కువి తప్ప ఒక్కటీ పనికి రాలేదు.

కోణమూ, దూరమూ వేరు చేసి చూడండి, ధ్రువ నిరూపకాలంటే అవే. 0 నుంచి 39 దాకా లెక్కపెట్టు. కోణం ఎంత? లెక్క × 45. దూరం ఎంత? 1, 3, 5, 2, 4 అన్న జాబితాలో, లెక్కని 5తో భాగిస్తే వచ్చే శేషం చూపించే స్థానంలో ఉన్నది. అంతే, మూడు వరుసలు. ఇప్పుడు ఆ 45ని 360/9 చేసి, లెక్క 44 దాకా పొడిగిస్తే తొమ్మిది దిక్కుల కమలం తయారు.

ఈ రూపంలో రాశాక ముగ్గులోని రహస్యం కూడా కళ్లకి కనిపిస్తుంది. దిక్కులు 8, చుక్కలు 5. వాటి క.సా.గు. 40. అందుకే ఒకే గీత నలభై చుక్కల్నీ చుట్టి వస్తుంది. ఆరు దిక్కులైతే 30, ఏడైతే 35, అవీ ఒకే గీత. పది దిక్కులు పెట్టండి. క.సా.గు. 10 మాత్రమే. గీత పది అడుగుల్లో మూసుకుపోతుంది, యాభై చుక్కల్నీ కలపడానికి ఐదు వేర్వేరు గీతలు కావాలి. ఎనిమిది దిక్కులూ ఐదు చుక్కలూ ఎంచుకున్న అమ్మమ్మలకి క.సా.గు. అన్న మాట తెలియకపోవచ్చు. పది దిక్కులు వేస్తే చెయ్యి ఎత్తాల్సి వస్తుందని మాత్రం తెలుసు. సరైన నిరూపకాలు ఎంచుకుంటే బొమ్మ తన లెక్కని తానే చెబుతుంది అనడానికి నాకింతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

6. ధ్రువ నిరూపకాలకి ఒక కుట్టు ఉంటుంది.

కంప్యూటరు కోణాన్ని మైనస్ 180 నుంచి 180 దాకా ఇస్తుంది. ఎడమవైపు ఆ రెండూ కలిసేచోట హఠాత్తుగా దూకుతుంది. రేకుల సంఖ్య పూర్ణాంకమైతే కుట్టు కనపడదు. 6.5 రేకులు అడిగితే కేంద్రం నుంచి ఎడమకి ఒక చీలిక తేలుతుంది. అది షేడర్ తప్పు కాదు, మీరు అడిగినది తప్పు.

7. కొన్ని బొమ్మల్లో బిందువులకంటే సందులు ముఖ్యం.

మెలిక ముగ్గుని పిల్లలు వక్రాలుగా చూస్తారు. ఒక్కో మెలికకి ఒక బెజియర్. పది మెలికలు దాటేసరికి ఏది ఎటు పోతోందో రాసినవాళ్లకే తెలియదు.

చుక్కల్ని నిలువు, అడ్డ వరసల్లో పెట్టి, పక్కపక్కనున్న రెండు చుక్కల మధ్య సందుని చూడండి. అక్కడ జరిగేవి రెండే. గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి, లేదా దాటకుండా ఎవరి చుక్క చుట్టూ వాళ్లు వెనక్కి తిరుగుతాయి. దాటితే 1, తిరిగితే 0. ప్రతి చుక్కకీ నాలుగు పక్కలు. కాబట్టి దాని చుట్టూ గీత పదహారు రకాలుగా ఉండొచ్చు. తిప్పి చూస్తే ఒకటే అయినవాటిని తీసేస్తే మిగిలేవి ఆరు బొమ్మలు. నాలుగు పక్కలా 0 అయితే చుక్క చుట్టూ వృత్తం. ఒక పక్క 1 అయితే నీటిబొట్టు. నాలుగూ 1 అయితే నాలుగు మూలల డైమండ్. మధ్యలో రెండు ఎదురెదురు పక్కలు, రెండు ఆనుకున్న పక్కలు, మూడు పక్కలు. ఈ ఆరు పలకలూ ఒక్కసారి గీసుకుంటే ఇక వక్రాల గొడవ లేదు. మిగిలింది 0, 1ల పట్టిక.

మూడు వరసలు, వరసకి నాలుగు చుక్కలు అనుకోండి. సందులు 17. రెండుని పదిహేడుసార్లు గుణిస్తే 1,31,072. పన్నెండు చుక్కల్లో అన్ని అమరికలున్నాయి. అందులో చాలావరకు చూడబుద్ధి కానివే, కానీ వెతకడానికి చోటు దొరికింది కదా. అన్ని సందుల్లోనూ 1 పెడితే ఇంకో తమాషా: గీతలు ఎన్ని అవుతాయో వరసల, నిలువుల గ.సా.భా. చెప్పేస్తుంది. 3, 4 అయితే ఒకే గీత. 4, 6 అయితే రెండు. 4, 4 అయితే నాలుగు. ఆఫ్రికాలో అంగోలా ప్రజలు ఇసుకలో గీసే సోనా బొమ్మల్లోనూ ఇదే సూత్రం నడుస్తుంది. మొజాంబిక్ గణితవేత్త పౌలస్ గెర్డెస్ వాటి మీద చాలా పని చేశారు.

మనవైపు ఈ దారి తొక్కినవాళ్లు ఇంకా ముందే ఉన్నారు. మద్రాసులో గిఫ్ట్ సిరోమొనీ, రాణి సిరోమొనీ, కమలా కృతివాసన్ 1974లోనే ముగ్గుల్ని వ్యాకరణ సూత్రాలుగా రాయొచ్చని పరిశోధన పత్రం ప్రచురించారు. అంతకు ఆరేళ్ల ముందు, 1968లో, అరిస్టిడ్ లిండెన్‌మేయర్ మొక్కల ఎదుగుదల కోసం తిరగరాసే సూత్రాల పద్ధతి చెప్పారు. ఇవాళ పిల్లలు ఎల్-సిస్టమ్ అంటూ చెట్లు మొలిపిస్తున్నది దాంతోనే. క్రియేటివ్ కోడింగ్ అంటే విదేశీ సరుకు అనుకునే తల్లిదండ్రులకి ఈ 1974 సంగతి చెబుతుంటాను.

8. గీతకి మందం ఉండదు. రేకుకి ఉంటుంది.

మా వీధిలో ఒకరు మేడమెట్ల పక్కన హృదయ కమలం జాలీ పెట్టించాలనుకున్నారు. పిల్లలు ఉత్సాహంగా మూడు వరుసల కోడుతో గీతని డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా చేశారు. ఆదిత్యపూర్‌లో లేజర్ కటింగ్ చేసే కుర్రవాడు చూసి ఒక్కమాటే అడిగాడు: "ఈ గీత మీద కోస్తే చేతికి ఏం మిగులుతుంది?" నిజమే. తనని తాను దాటుకుంటూ పోయే గీత వెంట కోస్తే రేకు ముక్కలు ముక్కలై బల్ల కిందికి రాలుతుంది. జాలీకి కావలసింది గీత కాదు, గీతకి అటూ ఇటూ ఆరేసి మిల్లీమీటర్ల పట్టీ.

గీతని రెండు పక్కలకీ జరిపి, దాటుకున్నచోటల్లా లోపలి ముక్కలు కత్తిరించి కలపడం ఒక దారి. డ్రాయింగ్ ఆఫీసులో అయితే రెండు రోజులు బోర్డు మీదే చేసేవాళ్లం. కోడులో అది మహా చిరాకు. పదునైన మలుపు దగ్గర జరిపిన గీత తన మీద తానే మడతపడుతుంది.

ఇక్కడ దూరాల పద్ధతి ముందుకొస్తుంది. షేడర్‌వాళ్లు దీన్ని డిస్టెన్స్ ఫీల్డ్ అంటారు. ఇనీగో కీలెజ్ లాంటివాళ్లు 2013లో మొదలైన షేడర్‌టాయ్‌లో దీంతోనే కొండలూ సముద్రాలూ సృష్టించి చూపించారు. ఆలోచన చాలా చిన్నది. బొమ్మలో ఏ బిందువునైనా "నీకు గీత ఎంత దూరం?" అని అడగండి. ఆరు మిల్లీమీటర్లలోపు అంటే ఇనుము. మించితే ఖాళీ. గీతలు ఎక్కడ ఎన్నిసార్లు దాటుకున్నా బాధ లేదు, అన్నిటికంటే దగ్గరిదాని దూరం తీసుకుంటే చాలు. చుట్టూ చట్రం కావాలా? చట్రానికి ఉన్న దూరం, గీతకి ఉన్న దూరం, రెండిట్లో చిన్నది. కలపడం అంటే చిన్నది తీసుకోవడం, రెండిటికీ ఉమ్మడి భాగం కావాలంటే పెద్దది తీసుకోవడం. తీసేయాలంటే, తీసేసే ఆకారపు దూరానికి (లోపల మైనస్, బయట ప్లస్) గుర్తు తిప్పి పెద్దది తీసుకోవడం. పట్టీ పదహారు మిల్లీమీటర్లు కావాలంటే 6ని 8 చేయడమే.

మా జార్ఖండ్‌లో ఈ తీసివేతకి చేతిపని రూపం ఒకటి ఉంది. హజారీబాగ్ వైపు పెళ్లిళ్లకి గోడల మీద వేసే ఖోవర్ బొమ్మల్లో ముందు నల్లమట్టి పూసి, దాని మీద తెల్లమట్టి పూసి, తడి ఆరకముందే దువ్వెనతో గీకుతారు. గీకినచోట నలుపు బయటపడి అదే బొమ్మవుతుంది. ఆ బొమ్మలు వేసే ఆడవాళ్లు గీత వేయరు, పూతని తీసేస్తారు. దూరాల పద్ధతి నేర్పేటప్పుడు పిల్లలకి ఆ గోడల ఫోటోలు చూపిస్తే తీసివేత వెంటనే ఎక్కుతుంది.

అయితే లేజర్‌కి దూరాలు తెలియవు, దానికి మూసుకున్న గీతలే కావాలి. కాబట్టి చివర్లో మార్చింగ్ స్క్వేర్స్ అనే పద్ధతితో అంచుని మళ్లీ గీతగా తీయాలి. గళ్లు గళ్లుగా చేసి, ప్రతి గడికీ నాలుగు మూలల్లో ఏది లోపల, ఏది బయట అని చూస్తారు. మళ్లీ అవే పదహారు రకాలు! వచ్చే గీతలో వేలకొద్దీ బిందువులుంటాయి, అనవసరమైనవి ఏరేయాలి. లేకపోతే మిషను ప్రతి బిందువు దగ్గరా తడబడి అంచు గరుకుగా వస్తుంది. ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలుంటే అక్కడ రెండుసార్లు కోస్తుంది. ఫైలు పంపేముందు ఈ రెండూ చూసుకోండి.

ఇంకో జాగ్రత్త. రెండు ఆకారాలు కలిపాక లోపలి దూరాలు నిజమైన దూరాలు కావు. కలిపిన తర్వాత లోపలికి ఇంకో అంచు తీస్తే మూలల్లో తేడా వస్తుంది. మందాలన్నీ ముందు తేల్చి, తర్వాత కలపండి.

9. చెయ్యి తగలాల్సిన వంపుకి బెజియర్.

విశాఖ షిప్‌యార్డులో జల ఉష అనే ఓడ 1948లో నీళ్లలోకి దిగిన రోజుల్లో ఏ షిప్‌యార్డులోనైనా ఓడ పక్కల వంపుల్ని మౌల్డ్ లాఫ్ట్ అనే పెద్ద హాలు నేల మీద అసలు కొలతలోనే గీసేవారు. సన్నటి చెక్కబద్దని సీసపు బరువులతో అక్కడక్కడ నొక్కిపెడితే అది తనంతట తాను సాఫీగా వంగేది. ఆ బద్ద పనిని లెక్కలోకి దించినవాళ్లు కార్ల కంపెనీల వాళ్లు. 1959లో సిట్రోయెన్‌లో పాల్ డి కాస్టెల్జో, తర్వాత రెనోలో పియర్ బెజియర్.

అక్షరాల వంపులకి, మామిడిపిందె అంచుకి, కంటికి బాగుండేదాకా లాగి చూసుకునే దేనికైనా ఇదే వాడండి. తెలుగు అక్షరమంతా వంపులే కాబట్టి ఫాంటు పని నేర్చుకునేవాళ్లకి వేరే దారి లేదు. ఖచ్చితమైన వృత్తం మాత్రం బెజియర్‌తో రాదు. నాలుగు ముక్కలతో, 0.5523 అన్న గుణకంతో గీసినది అసలు వృత్తం నుంచి వ్యాసార్థంలో 0.027 శాతం దాకా తప్పుతుంది. మీటరు వ్యాసార్థానికి పావు మిల్లీమీటరు పైమాట. తెరకి ఏమీ కాదు, బేరింగ్ కూర్చునే చోటికి పనికి రాదు.

10. మడిచి, విప్పి చూడాల్సినవాటికి త్రిభుజాలు.

డక్టు పనిలో స్క్వేర్-టు-రౌండ్ అని ఉంటుంది. ఒక చివర చతురస్రం, ఇంకో చివర వృత్తం. దాని రేకు నమూనా గీయడం మా కాలంలో కుర్ర డ్రాఫ్ట్స్‌మన్‌కి పరీక్ష. చతురస్రం నాలుగు భుజాల మీద నాలుగు చదును త్రిభుజాలు, నాలుగు మూలల నుంచి శంకువు ముక్కలు. ఆ శంకువుల్ని సన్నటి త్రిభుజాలుగా కోసి ఒక్కోదాని నిజమైన పొడవులు తేల్చి కాగితం మీద పక్కపక్కన పరిచేవాళ్లం. ఇవాళ త్రీడీ బొమ్మలన్నీ త్రిభుజాలే కాబట్టి పిల్లలకి ఇది కొత్త కాదు. విప్పాలంటే ఏ త్రిభుజం పక్కన ఏది ఉందో తెలియాలి, త్రీడీ ప్రింటర్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైలులో అది ఉండదు. మూడేసి మూలల మూట మాత్రమే ఉంటుంది. మకర సంక్రాంతికి ఇక్కడ టుసు పండక్కి రంగు కాగితాలతో చౌడల్ అనే చిన్న మందిరం లాంటిది కడతారు. అలాంటిది కంప్యూటర్లో గీసి కాగితం మీద విప్పాలనుకునేవాళ్లు పొరుగు త్రిభుజాల జాబితా మొదటి నుంచీ దాచుకోవాలి. బంతిని మాత్రం ఎన్ని త్రిభుజాలు చేసినా చిరగకుండా పరచలేరు.

గొట్టాన్ని ఏటవాలుగా కోసి విప్పితే అంచు సైన్ వక్రం అవుతుంది. ఒక ఎల్బో తయారీకి పైపు చుట్టూ చుట్టే కాగితం నమూనా అదే. త్రికోణమితి ఎందుకని అడిగే ప్రతి పిల్లవాడికీ ఆ కాగితం చుట్టి చూపించండి.

11. గళ్లు ముందే ఉన్నచోట గళ్లకి లొంగండి.

పోచంపల్లి నేతలో దారానికి ముందే రంగు పడుతుంది. డిజైను గ్రాఫ్ కాగితం మీద గడి గడిగా ఉంటుంది, ఏటవాలు గీత అంటే మెట్లే. అక్కడ దశాంశాలకి చోటు లేదు. ఆ మెట్ల అందమే ఇకత్ అందం. అక్కడికి బెజియర్ తీసుకెళ్లేవాడు తన పని రెండింతలు చేసుకుంటాడు.

జంషెడ్‌పూర్‌లో మార్చి 3న జంషెడ్జీ టాటా జయంతికి ఊరంతా దీపాలు వెలుగుతాయి. 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబ్లీ పార్కు చూడ్డానికి జనం విరగబడతారు. దీపాల తెర మీద బొమ్మ ఆడించాలంటే బల్బులు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి, మీ గీత కోసం కదలవు. కాబట్టి గీత గీయకండి. ఒక్కో బల్బునీ "నువ్వు లోపలా, బయటా, అంచుకెంత దూరం?" అని అడగండి. 8వ పాఠంలోని దూరాలే. అంచుకి దగ్గరగా ఉన్న బల్బుని సగం వెలిగిస్తే బొమ్మ మెట్లు మెట్లుగా కనపడదు.

12. సూత్రం నుంచి బొమ్మకి వెళ్లడం తేలిక. బొమ్మ నుంచి సూత్రానికి రావడం కష్టం.

జాలీ పనిలో ధ్రువ నిరూపకాలు, దూరాలు, గీతలు మూడూ వాడాం. అలా కలపడంలో తప్పేమీ లేదు, నిజం పనులన్నీ అలాగే ఉంటాయి. ఒక్క నియమం పెట్టుకోండి. మూడు వరుసల సూత్రమే అసలు ఫైలు. డీఎక్స్‌ఎఫ్, పీఎన్‌జీ అన్నీ దాన్నుంచి పుట్టినవి. మార్పు వస్తే సూత్రంలో చేసి మళ్లీ పుట్టించాలి. చివరి ఫైలులో చేత్తో సరిదిద్దడం మొదలుపెట్టారా, రెండో మార్పు దగ్గర మొదటి నుంచి చేయాల్సిందే. డ్రాయింగ్ ఆఫీసులో ప్రింటు మీద దిద్దడం నేరం, ఒరిజినల్ ట్రేసింగ్ మీదే దిద్దాలి, రివిజన్ నంబరు వేయాలి. అదే క్రమశిక్షణ.

మన ఆడవాళ్లు ఈ నియమాన్ని ఎప్పటినుంచో పాటిస్తున్నారు. "7 చుక్కలు, 4 వరకు, సందు చుక్క" అని నోట్‌బుక్కులో ఒక్క వరుస రాసుకుంటారు. మధ్య వరసలో 7, పైకీ కిందికీ 6, 5, 4. మొత్తం 37 చుక్కలు, ఆరు భుజాల అమరిక. కోడులో రాయాలంటే ప్రతి వరసనీ అర చుక్క పక్కకి జరిపి, వరసల మధ్య దూరాన్ని చుక్కల మధ్య దూరానికి 0.866 రెట్లు చేయాలి. అంతా ఆ ఒక్క వరుసలోనే ఉంది.

ఇప్పుడు సంక్రాంతి ముగ్గుల పోటీలైపోగానే అందరూ ఫోన్లలో ఫోటోలు తీసుకుని వెళ్లిపోతున్నారు. ఫోటోలో రంగులుంటాయి, చుక్కలు రంగుల కింద కనపడవు. మీ ఇంట్లో అమ్మమ్మదో, అత్తగారిదో ముగ్గుల పుస్తకం ఉంటే ఈ పండక్కి ఒక్క పని చేయండి. ప్రతి ముగ్గు కిందా ఎన్ని చుక్కలు, ఎంతవరకు, సందు చుక్కా ఎదురు చుక్కా, మొదటి గీత ఏ చుక్క నుంచి ఏ చుక్కకి, అన్నది వాళ్లని అడిగి రాసిపెట్టండి. కోడు ఎవరైనా తర్వాత రాసుకుంటారు.